మంచు పండించిన అన్నము

శీతకాలము ప్రవేశించినంతనే సైబీరియా మైదానములనుండి బయలుదేరిన శుష్కవాయువు, జపాను సముద్రమును దాటివచ్చునప్పుడు, దక్షిణమునుండి ప్రవహించి వచ్చు సుషిమా ఉష్ణప్రవాహపు ఆవిరిని కడుపునిండ త్రావి, తీరము చేరినంతనే ఎదురుగా అడ్డునిలిచిన మికుని పర్వతశ్రేణిని ఎక్కలేక ఎక్కుచు, తాను మోసికొనివచ్చిన భారమునంతయు ఆ కొండల పడమటి చరియలపై దింపివేయును. కొండలకు ఆవలనున్న తోక్యో మైదానమున అదే దినమున ఆకాశము నిర్మలముగా నుండి, చర్మము పగుల్చు పొడిగాలి వీచుచుండగా, ఈవలనున్న ఎచిగో సీమ నిలువెత్తు మంచులో మునిగియుండును. ఈ సీమ ఉత్తరధ్రువమునకు చేరువలోనిది కాదు. దక్షిణ స్పెయినుతోపాటు 37వ అక్షాంశముపై నున్నది. ఇంత దక్షిణమున, ఇందరు మనుష్యులు కాపురముండు చోట, ఇంతటి మంచు పడు ప్రదేశములు భూమిపై మిక్కిలి అరుదు.

ఎచిగో యనునది పాతపేరు; ఇప్పటి పాలనలో దానిని నీగటా మండలమందురు. అందులోను ఉఓనుమా లోయ, తొకామాచి, సునాన్, మత్సునోయామా మున్నగు కొండప్రాంతములు మంచుకు పుట్టిళ్లు. అచ్చట సామాన్యసంవత్సరమున సైతము రెండు మీటర్లనుండి మూడు, నాలుగు మీటర్లవరకు నేలపై మంచు పేరుకొనును. ఈ సీమకు పొలిమేరలోనే, నగానో మండలపు సాకాయె గ్రామమున నున్న మోరిమియానోహారా రైలుస్టేషనులో, 1945 ఫిబ్రవరి 12వ తేదీన కొలిచిన మంచు 7 మీటర్ల 85 సెంటీమీటర్లు. ఆ యెత్తును తెలుపు స్తంభమును ఇప్పటికిని అచ్చట చూడవచ్చును. ఈ సీమలోని తకడ పట్టణము పూర్తిగా మునిగిపోయినప్పుడు, దారినపోవు బాటసారులకొరకు మంచుపై ‘ఈ క్రింద తకడ ఉన్నది’ అని ఒక పలక నాటిరని పెద్దలు చెప్పుకొందురు.

ఈ మంచును గూర్చి వ్రాసినవారిలో లోకమెరిగినవాడు కవాబాతా యసునారి. 1968లో నోబెలు బహుమతి నందిన ఆ మహారచయిత, 1931లో షిమిజు సొరంగము తెరువబడి తోక్యోనుండి సూటిగా రైలుమార్గము ఏర్పడిన పిమ్మట, యుజావా వేడినీటిబుగ్గల గ్రామమునకు వచ్చి విడిసి తన హిమసీమ నవలను రచించెను. అది రసజ్ఞుడైన అతిథి చూచిన మంచు. దానికి నూరేండ్లకు పూర్వమే, ఆ మంచులో పుట్టి ఆ మంచులోనే కన్నుమూసిన సుజుకి బొకుషి (1770–1842) అను షియోజావా పట్టణపు వర్తకుడు, పందొమ్మిదేండ్ల ప్రాయమున వస్త్రములమ్ముటకు ఎదో (నేటి తోక్యో) నగరమునకు పోయి, తమ సీమ మంచును గూర్చి రాజధానివారికి ఏమియు తెలియదని గ్రహించి, దానిని తెలియజెప్పుటయే జీవితవ్రతముగా పెట్టుకొని, సుమారు నలువది సంవత్సరములు ప్రకాశకులను, పండితులను ప్రాధేయపడి, ఎట్టకేలకు 1837లో ‘హొకుఎత్సు సెప్పు’ అను గ్రంథమును వెలువరింపగలిగెను. మంచుస్ఫటికముల చిత్రములు, హిమపాతములలో సమసినవారి కథలు, నేతపనివారి కష్టములు, ఎలుగుబంట్ల వేట, కొండగ్రామముల ఆచారములు అన్నియు అందు కలవు. ప్రథమహిమపాతమును చూచి మద్యపాత్రలు చేతబట్టి ఆనందించు వెచ్చని దేశములవారు, అదే హిమపాతమును చూచి గుండె దిటవు పరచుకొను తనవారి బ్రదుకును ఎన్నడెరుగుదురని ఆ వర్తకుని ఆవేదన. కవాబాతాను చదివినవారందరును బొకుషిని కూడ చదువవలెనని నా కోరిక. ఏలయన ఈ సీమలో నాలుగు ఋతువులకును మంచే పెద్దదిక్కు. వసంతమున పారు నీరు అది, శరత్తున పండు బియ్యము అది, మగ్గముపై సాగు పోగు అది. ఆ మంచును ఎత్తి, కరగించి, దాచి, వాడుకొను చేతులు ఇంటింట నున్నంతకాలమే అది భాగ్యము. చేతులు కరవైన ఇంటిపై పడిన మంచు వట్టి బరువు.

ఆ బరువెంతో చెప్పిన గాని తెలియదు. క్రొత్తగా పడిన మంచు దూదివలె తేలికగా నుండును గాని, బాగుగా అణగినపిదప ఒక ఘనమీటరు మంచు సుమారు మూడువందల కిలోలు తూగును. నూరు చదరపుమీటర్ల ఇంటికప్పుపై ఒక మీటరు మంచు పేరుకొన్నచో, అది ముప్పది టన్నుల భారము. ఉదయమున లేచి గదితలుపును ప్రక్కకు జరుపబోయినప్పుడు అది మొరాయించి గాడిలో బిగిసిపోయినచో, దూలములు వంగుచున్నవని ఇంటివారు గ్రహించి, ఆనాటి పనులన్నియు మానుకొని కప్పుపైకి ఎక్కుదురు. పూర్వము బీచిచెట్టు కొయ్యతో చేసిన పారలతో మంచును దిమ్మలుగా కోసి క్రిందికి త్రోసెడివారు. ఇప్పుడు రెండుచేతులతో పట్టి నెట్టు పెద్ద చేటవంటి పరికరము ఇంటింట కలదు. కప్పు అంచులకు పోరాదు. పాతమంచుపై పలుచని పొరను మిగిల్చినగాని కాలు నిలువదు. క్రిందనున్నవారు చూరుక్రిందికి రాకుండ ఒకరు కాపుండవలెను. ఇన్ని జాగ్రత్తలున్నను ప్రతి శీతకాలమునను జారిపడియో, జారిన మంచుక్రింద చిక్కియో మరణించువారు కలరు, అట్టివారిలో అధికభాగము అరువదియైదేండ్లు దాటినవారు. దింపిన మంచు ఇంటిచుట్టును గుట్టలై చూరును అందుకొనును. క్రింది అంతస్తున పట్టపగలు దీపము వెలిగించుకొనవలసి వచ్చును.

పట్టణములలో వీథి పొడవునను ప్రతి అంగడివాడును తన ముంగిట చూరును ముందుకు సాచి, దానిక్రింద బాటసారులు నడచుటకు తన స్థలమునే విడిచిపెట్టు సంప్రదాయము కలదు. దానిని గంగి యందురు. తకడలో ఇట్టి చూరుబాటలు కిలోమీటర్ల పొడవున నేటికిని నిలిచియున్నవి. తమ సొంతనేలను పొరుగువాని కాళ్లకొరకు వదలుకొన్న ఆ గృహస్థుల ఔదార్యము నాకు ఏ రాజప్రాసాదముకన్నను గొప్పదిగా తోచును. మోటారుబండ్ల కాలము వచ్చినపిదప నగఓకా నగరమువారు 1961 ప్రాంతమున మరియొక ఉపాయము కనిపెట్టిరి: ఏడాది పొడవునను ఇంచుమించు ఒకేవెచ్చదనముతో నుండు భూగర్భజలమును తోడి, రోడ్డు నడుమ పాతిన గొట్టముల రంధ్రములనుండి చిమ్మించి, పడినమంచును పడినట్లే కరగించుట. ఆ నీటిలోని ఇనుము పట్టి రోడ్లన్నియు ఎర్రబారినవి. మినామి ఉఓనుమావంటి చోట్ల మితిమీరి తోడుటచే నేలయే క్రుంగినది. దానినిబట్టి ఇప్పుడు తోడుటకు హద్దులు పెట్టుకొనిరి.

ఇంతటి శ్రమ నడుమ పండుగలు లేకపోలేదు. జనవరి 15వ తేదీన, చిన్న సంవత్సరాది యను పర్వమున, మత్సునోయామాలో ఒక వింత వేడుక జరుగును. ఆ యూరి ఆడుబిడ్డను వివాహమాడిన పొరుగూరి అల్లుని, పెండ్లియైన మరుసటి ఏట, ఊరివారందరును భుజములపై నెత్తుకొని, కొండమీది దేవళము ముంగిటినుండి అయిదు మీటర్ల పల్లమునకు మంచులోనికి విసరివేయుదురు. మా పిల్లను పరాయివాడు పట్టుకుపోయెనన్న ఊరి కుఱ్ఱవాండ్ర అక్కసు, దాదాపు మూడువందలయేండ్లుగా, ఇట్లు నవ్వుగా మారి వెలువడుచున్నది. అటుపిమ్మట గడ్డితో పెద్ద మంటను వెలిగించి, ఆ బూడిదను మంచుతో కలిపి, పరిచితులు అపరిచితులన్న భేదములేక ఒకరిముఖమునకొకరు పూసి శుభము పలుకుకొందురు. 1950లో తొకామాచి పట్టణమువారు, మంచును శత్రువుగా చూచుట మాని మిత్రునిగా భావింతమని సంకల్పించి, హిమోత్సవమును నెలకొల్పిరి. అది నేటికిని ఫిబ్రవరిలో జరుగుచున్నది.

మంచు ఈ సీమకు ఇచ్చిన మొదటి ధనము వస్త్రము. రామీ యను నారచెట్టు నారను గోటితో చీల్చి, వెండ్రుకవలె సన్నని పోచలను చేతితో ఒకదానికొకటి పురిపెట్టి అతికి పోగుచేయుట ఇచ్చటి స్త్రీల శీతకాలపు పని. ఆ పోగు పొడిగాలిలో పుటుక్కున తెగును. మంచు కప్పిన ఇంటిలోని చెమ్మగాలిలో మాత్రమే మెత్తబడి మగ్గముపై నిలుచును. ఇంటిపై మంచు నిలువెత్తున నున్న ఆ నాలుగైదు నెలలు పొలముపని ఎట్లును లేదు గనుక, ఆ తీరికయు ఆ చెమ్మయు కలిసి ఎచిగో జోఫు, ఒజియా చిజిమి అను జగత్ప్రసిద్ధ వస్త్రములైనవి. పడుగును, పేకను నేతకు ముందే దారములతో బిగించికట్టి అద్దకముచేసి, నేసినప్పుడు చిత్రము తేలునట్లు కూర్చు విద్య పోచంపల్లి నేతగాండ్రకు పరిచితమైనదే. నేతగత్తె నేలపై కాళ్లు చాచి కూర్చుండి, పడుగును తన నడుమునకు కట్టుకొని, తన ఒడలి వాలుతోనే దానిని బిగించుచు సడలించుచు నేయును. ఒక్క తాను ముగియుటకు నెలలు పట్టును.

నేసిన వస్త్రమును వేడినీట నానబెట్టి కాలితో త్రొక్కి, ఫిబ్రవరి మార్చి మాసములలో ఆకాశము తెరపియిచ్చిన దినములలో, ఎవ్వరును అడుగుపెట్టని మంచుపై పొడుగున పరతురు. క్రిందినుండి కరగు మంచు ఆవిరియు, పైనుండి మంచుపై పడి రెట్టింపైన ఎండయు కలిసి నారలోని పసుపుఛాయను హరించి, తెలుపును తెలుపుగా, రంగును రంగుగా తేల్చివేయును. ఇట్లు పదిదినములు, ఒక్కొక్కప్పుడు ఇరువది దినములు. పాతబడిన వస్త్రమును సైతము మరల మంచునకు తెచ్చి పరచి క్రొత్తదానిని చేయుదురు. 2009లో యునెస్కో సంస్థ ఈ నేతను మానవజాతి సాంస్కృతిక వారసత్వములలో చేర్చినది. కాని గోటితో నారచీల్చు వృద్ధురాండ్ర సంఖ్య ఏటేట తరిగిపోవుచున్నది. ఈ నేతనుండి ఒక వంటకమును పుట్టినది: పడుగుకు గంజిగా పెట్టుటకు సముద్రమునుండి తెప్పించుకొను ఫునోరి అను నాచునే, నేతవారిండ్లలో ఎవరో బక్‌వీట్ పిండికి జిగురుగా కలిపి చూచిరి. ఆ పిండితో తీసిన నున్నని, పచ్చని సేమ్యాలను చేతితో చుట్టలు చుట్టి, చదరపు కొయ్యపళ్ళెరములో అమర్చిపెట్టు హెగిసోబా యనునది నేడు ఈ సీమకు పేరుతెచ్చిన వంటకము.

పంచాంగముననుసరించి వసంతారంభము ఫిబ్రవరి 4వ తేదీ ప్రాంతమున వచ్చును. చీనానుండి వచ్చిన జపాను పంచాంగమున సంవత్సరమునకు ఇరువదినాలుగు పర్వములు, ఒక్కొక్క పర్వమునకు మూడేసి భాగములు, వెరసి డెబ్బదిరెండు సూక్ష్మఋతువులు కలవు. మన రైతు మృగశిర, ఆర్ద్ర, పుష్యమి కార్తెలను వ్రేళ్లపై లెక్కించినట్లే అచ్చటి రైతు వీనిని లెక్కించును. అయితే వసంతము వచ్చినదని పంచాంగము పలికిననాడు ఎచిగోలో మంచు తన పూర్ణోన్నతి నందియుండును. కావున ఇచ్చటివారు కాగితపు పంచాంగమును పక్కనబెట్టి కొండను చూతురు. మార్చినెల తెల్లవారుజామున, రాత్రిచలికి మంచుపొర ఱాయివలె గట్టిపడి, మునిగిన పొలములమీదుగా, కంచెలమీదుగా ఎటుబడిన నటు నడచిపోవుటకు వీలగును. చుట్టుదారి లేక బడికి సూటిగా పోగల ఆ కొద్ది ఉదయములు పిల్లలకు పరమోత్సవములు. తరువాత బీచిచెట్ల మొదళ్లచుట్టును మంచు గుండ్రని గుంటలుగా కరగును. చెట్టు తన ముదురుబెరడున ఎండవేడిమిని పట్టి పాదమువద్ద దారిచేసికొనును. ఏప్రిలులో మ్యోకో పర్వతశ్రేణిపై మంచు విడిపోయి నల్లనినేల బయటపడినచోట ఎగురుచున్న గుఱ్ఱము ఆకృతి యొకటి ప్రత్యక్షమగును. దానిని చూచి తకడ మైదానపు రైతులు పొలముపనులకు దిగుదురు. కొండయూళ్లవారు అంతవరకు ఆగలేక, పొట్టుబొగ్గును మంచుపై చల్లి, ఆ నలుపు ఎండను పీల్చి మంచును కరగించునట్లు చేసికొందురు.

కరగిన గట్టుప్రక్కనుండి తొలుత తలయెత్తునది ఫుకి మొగ్గ. దాని చేదే ఈ సీమవారికి వసంతపు రుచి. వెంటనే ఉదో, తారాచిగుళ్లు, వానితోబాటు కొగోమి, జెన్‌మై అను ఫెర్న్‌మొక్కలు. జెన్‌మై చిగుళ్లను కోసి, ఉడికించి, చాపలపై పరచి, ఎండుచుండగా గంటగంటకును అరచేతులతో నలుపుచు మరల పరచుచు, మెత్తని నల్లని త్రాళ్లవలె అగువరకు శ్రమించు అవ్వల చేతులు ఎంత నల్లబారునో! ఒకప్పుడు కొండయిండ్లకు అదియే ఏటిఖర్చునకు ఆధారము.

మే నెలలో నాట్లు. ఉఓనుమా బియ్యమనగా జపానులో మొదటివరుసలోనిది. ఆ కీర్తికి కారణమైన కొషిహికరి వంగడము కథ కూడ ఇచ్చటనే ఆరంభమైనది. యుద్ధము భీకరముగా సాగుచున్న 1944లో నీగటా వ్యవసాయ పరిశోధనక్షేత్రమున నోరిన్ 22, నోరిన్ 1 అను రెండు వంగడములను సంకరపరచిరి; ఆ సంతతిని ఫుకుయి క్షేత్రమున పెంచి పరీక్షించిరి; 1956లో నామకరణము జరిగినది. కంకి బరువుకు కఱ్ఱ వాలిపోవును, అగ్గితెగులుకు ఇట్టే లొంగును. ఇట్టి దోషములున్న వంగడమును అభిమానించి స్వీకరించిన నీగటా రైతులు, ఎరువు తగ్గించియు, నడుమ పొలము ఆరగట్టియు, దానికి తగిన సేద్యమును తామే నేర్చుకొనిరి. పగటివేడికిని రాత్రిచల్లదనమునకును నడుమ వ్యత్యాసమును, బీచివనముల వేళ్లమధ్య నిలిచి నెమ్మదిగా దిగివచ్చు మంచునీటిని గింజలోనికి తీయదనముగా తెచ్చుకొనుట ఈ లోయకు దక్కిన వరము. కొండలలో పొలముకొరకు పడిన పాట్లు ఇంకను ఆశ్చర్యకరములు: నేల జారినచోటనే మెట్లుమెట్లుగా మళ్లు దిద్దిరి, వంకరతిరిగిన ఏటిమెడను త్రవ్వి నీటిని అడ్డదారిని పంపి పాత ఏటిగర్భమును మాగాణి చేసిరి, కొండకడుపున మనిషి వంగి పట్టునంత సొరంగములు చేతితో తొలిచి మడికి నీరు తెచ్చిరి.

ఈ వరమునకు ఇటీవల దెబ్బ తగిలినది. 2023 వేసవిలో వాన కరవై, కని విని ఎరుగని ఎండలు కాచుటచే గింజలు తెల్లబారి, నీగటా కొషిహికరిలో మొదటితరగతి క్రింద నిలిచినది నూటికి 5 వంతులకు లోపే. ఎండకు తట్టుకొను షిన్నోసుకె యను క్రొత్త వంగడమును ప్రభుత్వక్షేత్రము అంతకుముందే సిద్ధము చేసియున్నందున కొందరు దానికి మారిరి. తండ్రినాటి వంగడమును విడువలేక నాటుకాలమును వెనుకకు జరిపి ప్రయత్నించుచున్నవారును కలరు. తప్పు ఎవ్వరిదియు కాదు. ఆ నిర్ణయపు బరువు మాత్రము ఒక్కొక్క రైతు ఒంటరిగా మోయుచున్నాడు.

వేసవి చిన్నది, కాని కొండలు దిగివచ్చు వేడిగాలులవలన మిక్కిలి తీవ్రమైనది. ఆగస్టు నడుమ పితృదేవతల పండుగకు తోక్యోనుండి బిడ్డలు వచ్చి, సమాధులు కడిగి, దీపములు పెట్టి, మూడురాత్రులు ఇల్లు నిండుగా నుండి తిరిగిపోవుదురు. వేసవి కడపట, సెప్టెంబరు 9, 10 తేదీలలో, ఒజియా ప్రాంతపు కతకాయి అను చిన్న ఊరిలో బాణసంచా పండుగ. మీటరుంబావు వ్యాసమునకు కొంచెము తక్కువగా, నాలుగువందల కిలోలకు పైగా తూగు ఒక్క గుండును ఆకాశమున పేల్చుట ఆ ఊరి ప్రఖ్యాతి. కాని నన్ను కదిలించినది ఆ గుండు కాదు. ఊరిలో పుట్టిన పసిబిడ్డకొరకు, ఇరువదియేండ్లు నిండినవారికొరకు, షష్టిపూర్తి చేసికొన్నవారికొరకు, ఆ యేడు పోయిన తల్లికొరకు, ఇంటింటివారును తమతమ శక్తికొలది ఒక్కొక్క బాణమును దేవాలయమునకు అర్పింతురు. బాణము లేచుటకు ముందు ఎవరికొరకు ఎవరు అర్పించినదియు ఊరంతకు చదివి వినిపింతురు. ఒక ఊరి జననమరణముల చిట్టా ఆకాశముపై చదువబడుట నేను మరెచ్చటను వినలేదు.

సెప్టెంబరు చివర కోతలు. పనలను కఱ్ఱలపందిళ్లపై వరుసలుగా వ్రేలాడగట్టి ఎండబెట్టు పద్ధతి యంత్రములు వచ్చినందున తగ్గినను, ఇంటి తిండిగింజలకు ఇప్పటికిని కొందరు దానినే పాటింతురు. ఆకులు ఎర్రబారిన నాటినుండి అందరి చూపును రాబోవు మంచుపైననే. గొల్లభామ తన గ్రుడ్లగూటిని కొమ్మపై ఎంత ఎత్తున పెట్టినదో చూచి మంచులోతును ఊహించుట, కంపునల్లులు ఇంటిలో దూరిన సంఖ్యనుబట్టి మంచు ఎక్కువతక్కువలను నిర్ణయించుట పెద్దల అలవాటు. కిటికీలకు బయటినుండి పలకలు బిగింతురు, తోటచెట్ల కొమ్మలను త్రాళ్లతో పైకెత్తి కట్టుదురు, ముల్లంగిని, క్యాబేజీని మంచుక్రింద నిలువయుండునట్లు పాతుదురు. నవంబరు చివర ఆకాశమున ఉరుము వినబడును. శీతకాలపు ఉరుము ఈ తీరపు విశేషము. అది వినినంతనే మిగిలిన పనులు చీకటిలోనైనను ముగింతురు.

ఈ సన్నాహములు సాగవలసిన వేళలోనే, 2004 అక్టోబరు 23వ తేదీ సాయంకాలమున, 6.8 ప్రమాణముగల భూకంపము ఈ కొండలను కుదిపినది. యామకోషి గ్రామపు దారులన్నియు తెగిపోగా, రెండువేలకు పైబడిన గ్రామస్థులందరిని హెలికాప్టర్లలో ఎక్కించి నగఓకాకు చేర్చిరి. పూర్వము 1933 మొదలు 1949 వరకు, పర్వతమునకు ఆవలి వైద్యుని చేరుటకు, గైతులు పట్టి ఎనిమిదివందల మీటర్లకు పైబడిన సొరంగమును తామే తొలుచుకొన్న ఊరివారు వారు. రంగురంగుల కోయి చేపలు తొలుత పుట్టిన చెరువులు అచ్చటివే. ఎద్దుల కొమ్ములాటకు పేరొందిన బరులును అచ్చటివే. ఆ ఎద్దులను సైతము హెలికాప్టర్లకు వ్రేలాడగట్టి తరలించిరి. ఈ కొమ్ములాటలో గెలుపోటములు లేవు: రెండు ఎద్దులును తలలు తలలు ఆనించి నేల ఊడబెరుకుచుండగా, అవి ఉచ్చస్థితి నందిన క్షణమును కనిపెట్టి, బరిలోని మనుష్యులు వెనుకకాళ్లకు త్రాళ్లు వేసి లాగి, ముక్కులు పట్టి విడదీయుదురు. ఓటమి రుచిచూచిన ఎద్దు మరల పోరుకు వెనుదీయునని, ఓడిన యజమాని పొరుగువానితో మాటలాడడని వారి వివేకము.

మూడు శీతకాలములు తాత్కాలికపు ఇండ్లలో గడిపినపిదప గ్రామస్థులలో అధికభాగము తిరిగివచ్చిరి. కాని ముదిమి వారిని వెంబడించినది, 2021 నాటికి అచ్చట నివసించువారు ఎనిమిదివందలకు అటునిటు. ఒక్క యామకోషిమాటయే కాదు. తొకామాచి కొండలలో బడులు ఒక్కటొక్కటిగా మూతపడినవి. అట్టి బడులలో, ఖాళీయిండ్లలో, విడిచిన మళ్లలో 2000వ సంవత్సరమునుండి మూడేండ్లకొకసారి ఎచిగో సుమారి కళోత్సవము జరుగుచు, దేశదేశముల శిల్పులను, చూపరులను రప్పించుచున్నది. హాచి అను పల్లెలోని బడిని, చిత్రకారుడు తషిమా సెయిజో, అందులో చదివిన కడపటి ముగ్గురు పిల్లలను పాత్రలుగా చేసి, నీట కొట్టుకువచ్చిన కొయ్యలతోను విత్తనములతోను నింపి 2009లో తెరచెను. ఇట్టి ప్రయత్నములను వినోదములని తేలికచేయువారితో నేను ఏకీభవింపను; మూతపడిన బడితలుపును ఏ నెపముననైనను తెరచియుంచినవాడు ఊరికి మేలుచేసినవాడే. యామకోషివారు 2021 డిసెంబరులో కోయిచేప చిత్రములను ఇంటర్నెటులో అమ్మి, కొన్నవారికి ఊరి ఎలక్ట్రానిక్ పౌరసత్వమును ఇచ్చు పద్ధతి ఆరంభించిరి. అట్టివారి సంఖ్య నిజనివాసుల సంఖ్యను మించినది. వారిలో కొందరు ఇప్పుడు మనుష్యులుగా బస్సు దిగి, తమ ఊరిని చూచుటకు వచ్చుచున్నారు. వచ్చినవారు జనవరిలో వచ్చి, ఒక్కొక్క ముసలివారి ఇంటికప్పుపై ఒక్కపూట పారపట్టినయెడల, ఆ పౌరసత్వము సార్థకమగునని నేను మనసార కోరుకొందును.